విశాఖలో షాపు ఉంది, గూగుల్‌లో లేదు: చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు సెర్చ్‌లో ఎందుకు కనపడవు?

క్లుప్తంగా: వెబ్‌సైట్ పెట్టినా గూగుల్‌లో కనపడటం లేదంటే ముందు అనుమానించాల్సింది పోటీని కాదు. పేజీ గూగుల్ ఇండెక్స్‌లో, అంటే అది దాచుకున్న పేజీల జాబితాలో, ఉందా, అందులోని అక్షరాలు యంత్రం చదవగలిగేలా ఉన్నాయా అన్నది ముందు తేలాలి. చుట్టుపక్కల వాళ్లే కస్టమర్లయిన వ్యాపారానికి వెబ్‌సైట్ కన్నా ముందు అక్కరకొచ్చేది మ్యాప్‌లోని బిజినెస్ ప్రొఫైల్. మొదటి ర్యాంకు గ్యారంటీ అని చెప్పేవాళ్లు తమ చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నట్టే.

విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఆ హబ్‌లోని డేటా సెంటర్ వచ్చినంత మాత్రాన గాజువాకలో ఏసీలు బాగుచేసే షాపు సెర్చ్‌లో ఒక్క మెట్టు కూడా పైకి రాదు. గూగుల్ సర్వర్లు ఏ ఊళ్లో ఉన్నాయన్నదానికీ, ఏ షాపు ముందు కనపడాలన్నదానికీ సంబంధం లేదు. ఇంత మామూలు విషయం కూడా విడమరచి చెప్పాల్సి వస్తోందంటే వెబ్‌సైట్‌ని సెర్చ్‌లో పైకి తెచ్చే పని, అంటే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, పొట్టిగా ఎస్‌ఈఓ, చుట్టూ ఉన్న అయోమయం అలాంటిది. నెలకు ఇంత కడితే మొదటి పేజీలోకి తెస్తామనే ఫోన్లు ఒకవైపు, అర్థం కాని పదాలతో నిండిన కొటేషన్లు మరోవైపు. మధ్యలో, వెబ్‌సైట్‌కి డబ్బు పోసి ఏడాదైనా దాని ద్వారా ఒక్క కాల్ రాని యజమాని.

పేజీ గూగుల్ దాకా చేరిందా?

సెర్చ్ మూడు దశల్లో జరుగుతుంది. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రామ్ లింకుల వెంట తిరుగుతూ పేజీలను తెచ్చుకోవడం క్రాలింగ్. తెచ్చిన పేజీని చదివి, భాషేమిటో, విషయమేమిటో గుర్తించి దాచుకోవడం ఇండెక్సింగ్. ఎవరైనా వెతికినప్పుడు దాచుకున్నవాటిలోంచి ఏరి వరస పెట్టడం ర్యాంకింగ్. డబ్బంతా మూడో దశ పేరు చెప్పి ఖర్చవుతుంది. కొత్త చిన్న సైట్లు ఆగిపోయేది మాత్రం చాలాసార్లు మొదటి రెండింట్లోనే.

అది తేల్చుకోవడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనం ఉంది. డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రస్, తమదేనని రుజువు చేయడానికి అది ఒక కోడ్ ఇస్తుంది. డొమైన్ కొన్న కంపెనీ సైట్‌లో లాగిన్ అయి, డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) టీఎక్స్‌టీ అనే రకం రికార్డుగా ఆ కోడ్‌ని అతికించాలి. తర్వాత పైన ఉన్న పెట్టెలో పేజీ అడ్రస్ వేస్తే, ఆ పేజీ ఇండెక్స్‌లో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెబుతుంది. ఎస్‌ఈఓకి రూపాయి ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన పని ఇదొక్కటే.

అక్కడ తరచూ బయటపడే తప్పు ఒకటుంది. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి రీడింగ్‌లోకి వెళితే, సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దని చెప్పే ఒక టిక్ పెట్టె ఉంటుంది. సైట్ తయారవుతున్నప్పుడు సగం పేజీలు బయటికి కనపడకుండా డెవలపర్ దానికి టిక్ పెడతాడు. అప్పగించేటప్పుడు తీయడం మరచిపోతాడు. సైట్ చూడటానికి చక్కగా ఉంటుంది, విజిటింగ్ కార్డు మీద అడ్రస్ టైప్ చేస్తే తెరుచుకుంటుంది. కానీ ప్రతి పేజీలోనూ 'నోఇండెక్స్' అనే ఆదేశం కూర్చుని ఉంటుంది. ఆ టిక్ తీసేదాకా వేరే సైట్ల నుంచి లక్ష లింకులు కొన్నా ఫలితం సున్నా.

నోఇండెక్స్‌నీ రోబోట్స్ ఫైల్‌నీ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనేది గూగుల్‌బాట్‌ని ఫలానా పేజీ తెరవొద్దని ఆపుతుంది. నోఇండెక్స్ అనేది తెరిచి చదివాక దాచుకోవద్దని చెబుతుంది. ఒక పేజీని సెర్చ్‌లోంచి తీసేయాలని రెండూ పెడితే వ్యవహారం అడ్డం తిరుగుతుంది: తలుపు దగ్గరే ఆగిపోయిన గూగుల్‌బాట్‌కి లోపలున్న నోఇండెక్స్ కనపడదు. వేరే చోట్ల లింకులుంటే, పేజీని చదవకుండానే దాని అడ్రస్ మాత్రం ఫలితాల్లో చూపించే వీలుంది.

కన్సోల్‌లో 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అని కనపడితే, గూగుల్ వచ్చింది, చదివింది, దాచుకోవాలనిపించలేదు అని. రెండు లైన్లూ ఒక స్టాక్ ఫొటోతో నడిపించిన పేజీలకూ, వేరే సైట్ నుంచి ఎత్తి పెట్టిన వివరాలకూ తరచూ ఈ ముద్రే పడుతుంది. సాంకేతికంగా సరిచేయడానికి ఏమీ ఉండదు, పేజీలో సరుకు పెంచాల్సిందే.

ఇక సైట్‌మ్యాప్. ఉన్న పేజీల జాబితాను కన్సోల్‌లో సమర్పించడం మంచిదే, ఐదు నిమిషాల పని. అయితే అది ర్యాంకు పెంచదు. పది పేజీల సైట్‌కి మెనూలో అన్ని పేజీలకూ లింకు ఉంటే అదే సగం సైట్‌మ్యాప్.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కులు

ఇంగ్లిష్ గైడ్లలో దొరకని సమస్యలు ఇక్కడే మొదలవుతాయి. ప్రింటింగ్ ప్రెస్‌లో పాంప్లెట్ కోసం టైప్ చేయించిన మ్యాటర్‌నే వెబ్‌సైట్‌లోకి తేవడం చాలామంది చేసే పని. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుకలో ఉన్న అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణాన్ని పాటించవు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ, ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది, అంతే. ఆ మ్యాటర్‌ని వెబ్ పేజీలో అతికిస్తే మనిషికీ గూగుల్‌కీ కనపడేది పిచ్చి గీతలు. ఈ చిక్కు తప్పించుకోవడానికి మ్యాటర్‌ని జేపెగ్ బొమ్మగా మార్చి పెట్టేస్తారు. కంటికి తెలుగు కనపడుతుంది గానీ, గూగుల్ దృష్టిలో ఆ పేజీలో ఉన్నది ఒక బొమ్మ మాత్రమే. బొమ్మలోని అక్షరాలను పేజీ పాఠంగా లెక్కిస్తుందని నమ్మి కూర్చోవడం మంచిది కాదు. మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఫోన్ కీబోర్డుతో మళ్లీ టైప్ చేయాలి. పరీక్ష తేలిక: పేజీలోని ఒక వాక్యాన్ని వేలితో నొక్కి పట్టి కాపీ చేసి వాట్సాప్‌లో అతికించినప్పుడు అదే తెలుగు వస్తే సరే.

పేజీ అడ్రస్‌లో తెలుగు పెట్టొచ్చా అన్నది ఇంకో సందేహం. పెట్టొచ్చు, గూగుల్ చదువుతుంది. కానీ యూనికోడ్ అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు, అడ్రస్‌లో శాతం గుర్తులతో రాసేసరికి 9 అక్షరాలు అవుతుంది. 'విశాఖ' అనే మాటలో వ, గుడి, శ, దీర్ఘం, ఖ కలిపి 5 సంకేతాలు, అంటే 45 అక్షరాలు. వాట్సాప్‌లో పంపితే లింకు సగం స్క్రీన్ ఆక్రమించి, మోసపు లింకేమో అన్నట్టు ఉంటుంది. అడ్రస్ ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నదిగా, టైటిల్, పాఠం తెలుగులో ఉంచడమే నయం.

పేజీ ఏ భాషలో ఉందో గూగుల్ కనిపించే పాఠాన్ని బట్టి తేల్చుకుంటుంది. ఒకే పేజీలో ఒక పేరా ఇంగ్లిష్, దాని కింద అదే తెలుగు పెడితే రెండింటికీ న్యాయం జరగదు. రెండు భాషలూ కావాలంటే రెండు పేజీలు పెట్టి, ఒకదాన్నుంచి మరోదానికి లింకు ఇవ్వాలి. తెలుగు పేజీలో జనం నోట్లో ఉన్న మాటలే రాయాలి. ఏసీ గ్యాస్ ఫిల్లింగ్ అని వెతికేవాళ్లుంటారు గానీ శీతలీకరణ యంత్ర మరమ్మతు అని ఎవరూ వెతకరు. వైజాగ్, విశాఖ, విశాఖపట్నం ఒకటేనని గూగుల్‌కి తెలుసు కాబట్టి మూడింటినీ ఒకే టైటిల్‌లో కుక్కక్కర్లేదు.

మ్యాప్‌లో షాపు: దూరం చేసే మాయ

'దగ్గరలో ఏసీ రిపేర్' అని ఎవరైనా వెతికితే ముందు వచ్చేది మ్యాప్, దాని కింద మూడు షాపులు. మామూలు లింకులు ఆ తర్వాత. ఈ మూడింటిని ఎంచడానికి మూడు అంశాలు చూస్తామని గూగుల్ చెబుతుంది: వెతికిన దానికి షాపు ఎంత సరిపోతుంది, వెతికేవాళ్లకు ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది. యజమాని అదుపులో అసలు లేనిది రెండోది.

చాలా అపార్థాలకు మూలం కూడా ఆ రెండోదే. గాజువాక షాపులో కూర్చుని యజమాని తన ఫోన్‌లో వెతికితే తన షాపు మొదట కనపడుతుంది. ఆయన నిలబడ్డ చోటికి దాని కన్నా దగ్గరి షాపు లేదు మరి. అదే మాట మధురవాడ నుంచి కొడితే వేరే మూడు పేర్లు వస్తాయి. ఏజెన్సీ వాళ్లు షాపుకే వచ్చి ఫోన్‌లో చూపించే ఫస్ట్ ర్యాంకు విలువ ఇంతే. అనకాపల్లిలో ఉన్నవాళ్లకూ భీమిలిలో ఉన్నవాళ్లకూ ఒకే షాపు మొదట కనపడాలన్న ఆశ మ్యాప్ విషయంలో తీరేది కాదు.

అదుపులో ఉన్నవి సరిగా చేయడానికి ఒక పూట చాలు. మ్యాప్‌లో షాపు వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైల్‌లో ఒక ప్రధాన కేటగిరీ, మరో 9 అదనపు కేటగిరీల దాకా పెట్టుకోవచ్చు. ప్రధాన కేటగిరీ సూటిగా ఉండాలి: ఎలక్ట్రానిక్స్ షాపు అని కాదు, ఏసీ రిపేర్ సర్వీస్ అని. పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. పేరు పక్కన 'బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ వైజాగ్' తగిలిస్తే కొన్నాళ్లు లాభం కనపడొచ్చు. అయితే అది నియమాలకు విరుద్ధం, పోటీ షాపు ఒక ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. సరిగ్గా సీజన్ మధ్యలో అది జరిగితే కలిగే నష్టం వచ్చిన లాభం కన్నా ఎక్కువ.

షాపు లేకుండా ఇళ్లకు వెళ్లి పని చేసేవాళ్లు ఇంటి అడ్రస్ దాచి, సేవలందించే ప్రాంతాలు 20 దాకా చేర్చుకోవచ్చు. దీన్ని అపార్థం చేసుకుని, మర్రిపాలెం నుంచి కూర్మన్నపాలెం దాకా ఇరవై పేర్లు చేరిస్తే అన్ని చోట్లా పైకి వస్తామనుకుంటారు. ఆ జాబితా కస్టమర్‌కి సమాచారం మాత్రమే, దూరం లెక్కను అది మార్చదు.

ప్రొఫైల్ నిజంగా ఆ షాపుదేనని గూగుల్ తేల్చుకునే వెరిఫికేషన్ ఇప్పుడు ఎక్కువగా వీడియోతో జరుగుతోంది. ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్‌లో వీధి, బోర్డు, లోపలి పనిముట్లు, షాపు తమ చేతుల్లోనే ఉందనడానికి ఆధారం, ఉదాహరణకు తాళం తీయడం, కనపడాలి. బోర్డు మీద పేరు ఒకలా, ప్రొఫైల్‌లో ఇంకోలా ఉంటే తిరస్కరణకు గురయ్యేది ఇక్కడే. వైజాగ్ అడ్రస్‌ల సంగతి వేరే చెప్పాలి. హైఫన్లతో, బై నంబర్లతో సాగే డోర్ నంబరు ఒక చోట ఒకలా, పాత డైరెక్టరీ సైట్లలో ఇంకోలా, ఎప్పుడో మార్చేసిన ఫోన్ నంబరుతో ఉండిపోతుంది. పేరు, అడ్రస్, ఫోన్ అన్ని చోట్లా ఒకేలా సరిచేయడం విసుగు పుట్టించే పనే. మ్యాప్‌లో పిన్ వెనక సందులో పడితే వేలితో జరిపి గుమ్మం ముందు పెట్టాలి.

రివ్యూల విషయంలో గీత స్పష్టంగా ఉంది: అడగొచ్చు, కొనకూడదు. రివ్యూ రాస్తే సర్వీస్ చార్జీలో వంద తగ్గిస్తామనడం కూడా గూగుల్ నియమాల ప్రకారం కొనడమే. పని అయిపోయిన రోజే ప్రొఫైల్ ఇచ్చే రివ్యూ లింకును వాట్సాప్‌లో పంపడం సరైన పద్ధతి. ఒక్క వారంలో కుప్పగా వచ్చి ఆగిపోయిన యాభై కన్నా, వారానికి రెండు చొప్పున వస్తూ ఉండటం సహజంగా ఉంటుంది. చెడ్డ రివ్యూకి జవాబు ఆ రాసినవాళ్ల కోసం కాదు, తర్వాత చదివే వందమంది కోసం.

ఒక హెచ్చరిక. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన ఒక పేజీ వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. బోర్డుల మీద, బిల్లు పుస్తకాల మీద ఇంకా ఆ అడ్రసే ఉంటే అది ఎక్కడికీ వెళ్లదు.

పేజీలో ఏం రాయాలి?

చిన్న వ్యాపారానికి వంద పేజీలు అక్కర్లేదు. హోమ్, ఒక్కో సర్వీస్‌కి ఒక్కో పేజీ, ధరలు, సంప్రదించే వివరాలు కలిపి ఆరు నుంచి పది చాలు. ఒక్కో సర్వీస్‌కి వేరే పేజీ ఎందుకంటే గూగుల్ వరస పెట్టేది సైట్లను కాదు, పేజీలను. ఇన్‌స్టలేషన్, గ్యాస్ ఫిల్లింగ్, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) రిపేర్ అన్నీ ఒకే పేజీలో ఒక్కో లైనుగా ఉంటే దేనికీ అది మంచి జవాబు కాదు.

ప్రతి పేజీకీ టైటిల్ వేరుగా ఉండాలి. 'హోమ్' అనో 'వెల్‌కమ్' అనో ఉన్న టైటిల్ ఏమీ చెప్పదు. 'గాజువాకలో ఏసీ గ్యాస్ ఫిల్లింగ్: ధర, పట్టే సమయం' అని పెట్టి, చివర షాపు పేరు చేర్చితే వెతికేవాళ్లకు విషయం తెలుస్తుంది. టైటిల్‌కి అక్షరాల లెక్కలో పరిమితి లేదు, స్క్రీన్ మీద వెడల్పు దాటితే కత్తిరిస్తారు. తెలుగు అక్షరాలు వెడల్పు కాబట్టి ముఖ్యమైన మాటలు ముందే రావాలి. పేజీ కోడ్‌లో కనపడకుండా రాసే మాటల జాబితా, కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ని వెబ్ ర్యాంకింగ్‌లో వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ కొటేషన్లలో దాన్ని ఒక ఐటమ్‌గా చూపిస్తే ఆ కొటేషన్ రాసినవాళ్ల పరిజ్ఞానం తెలిసిపోతుంది.

అసలు తేడా వచ్చేది పాఠంలో. 'అనుభవజ్ఞులైన టెక్నీషియన్లు, నాణ్యమైన సేవ, సరసమైన ధరలు' అని ఏ ఊరి షాపైనా రాసుకోగలదు, రాసుకుంటోంది కూడా. విశాఖ షాపు మాత్రమే రాయగలిగినది వేరే ఉంది. పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు లోపలి ప్రాంతాల కన్నా తొందరగా పాడవుతాయి. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి కండెన్సర్ మీద పేరుకుంటుంది. రాగి గొట్టం, అల్యూమినియం రెక్కలు కలిసే చోట రెండు లోహాల మధ్య తుప్పు మొదలై, రెక్కలు తెల్లటి పొడిగా రాలతాయి. వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. యూనిట్‌ని ఎన్నాళ్లకోసారి మంచినీళ్లతో కడగాలి, పూత ఉన్న కాయిల్‌కీ లేనిదానికీ తేడా ఏమిటి, లీక్ మూయకుండా గ్యాస్ నింపితే ఎందుకు దండగ, ఆర్-22, ఆర్-410ఏ, ఆర్-32 గ్యాసుల ధరల్లో తేడా ఎంత, ఇవన్నీ తుప్పు పట్టిన కాయిల్ ఫొటోతో ఒక పేజీలో రాస్తే ఢిల్లీలో కూర్చుని కంటెంట్ రాసే ఏజెన్సీ దానికి నకలు తయారు చేయలేదు. ఈ సమాచారం షాపులో పని చేసే మెకానిక్ దగ్గర ఎప్పుడూ ఉంది. ఎవరూ అడిగి రాయించలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైనది ఏరియా పేజీల వ్యాపారం. సీతమ్మధార, అక్కయ్యపాలెం, గోపాలపట్నం, పెందుర్తి అంటూ నలభై పేజీలు, పేరు తప్ప మిగతాదంతా ఒకటే. వీటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, స్పామ్ కింద జమకడుతుంది. 2024 మార్చిలో తెచ్చిన విధానం ప్రకారం ర్యాంకు కోసమే గుట్టలుగా పేజీలు తయారు చేయడం, మనిషి చేసినా ఏఐ చేసినా, తప్పే. ఏఐ వాడటమే తప్పని గూగుల్ అనలేదు, ఆ తేడా గమనించాలి.

ఫోన్‌లో వేగం

గూగుల్ ఇప్పుడు సైట్లను మొబైల్ రూపంలోనే చదివి ఇండెక్స్ చేస్తుంది. ఆ మార్పు పూర్తయిందని 2023 అక్టోబరులో ప్రకటించింది. ప్రధాన భాగం 2.5 సెకన్లలో కనపడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి, లోడయ్యేటప్పుడు పేజీ ఎగుడుదిగుడుగా కదిలే కొలత 0.1 లోపు ఉండాలి. చిన్న సైట్లలో దోషి సాధారణంగా ఒకటే: ఫోన్‌తో తీసి నేరుగా ఎక్కించిన 4, 5 ఎంబీల ఫొటోలు, వాటితో తిరిగే స్లయిడర్. వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే ఫొటో 200 కేబీ లోపుకి వస్తుంది. స్లయిడర్ తీసేసినా ఎవరూ వెతుక్కోరు. వేగం స్కోరు వంద చేస్తామని అమ్మేవాళ్ల దగ్గర మాత్రం ఆగాలి: పైన చెప్పిన హద్దుల లోపు ఉంటే చాలు, 85కీ 100కీ తేడాతో ర్యాంకు ఎగబాకదు.

లింకులు, గ్యారంటీలు

ఇతర సైట్ల నుంచి వచ్చే లింకుల్ని సాక్ష్యంగా లెక్కపెట్టడం గూగుల్ పుట్టుకతోనే ఉన్న పద్ధతి. అందుకే లింకుల అంగడీ పుట్టింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే పేరుతో ర్యాంకింగ్ పద్ధతిలో చేసిన మార్పుతో ఆ అంగడి మీద దెబ్బ పడింది. ఇప్పుడు కొన్న లింకుల్ని గూగుల్ ఎక్కువగా లెక్కలోకే తీసుకోదు, మరీ శ్రుతి మించితే సైట్ మీద చర్య తీసుకుంటుంది. వేరే సైట్ల నుంచి వెయ్యి లింకులు (బ్యాక్‌లింకులు) ఇన్ని రూపాయలకని వచ్చే ఆఫర్ వల్ల ఎక్కువ సందర్భాల్లో ఏమీ కాదు, డబ్బు పోవడం తప్ప. షాపు డీలర్‌గా ఉన్న కంపెనీ తన సైట్‌లోని డీలర్ల జాబితాలో లింకు ఇస్తుందేమో కనుక్కోవడం, వ్యాపార సంఘం సభ్యుల పేజీలో పేరు చేర్పించడం వంటివి రెండో మూడో ఉన్నా వాటి బరువు వేరు.

మొదటి ర్యాంకుకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. యాడ్స్‌కి కట్టిన డబ్బు మామూలు ఫలితాల ర్యాంకుని పెంచదని కూడా. తరచూ అడిగే ప్రశ్నలు, జవాబుల స్కీమా (గూగుల్ గుర్తుపట్టేలా పేజీలో పెట్టే కోడ్) పెడితే సెర్చ్‌లో పెద్దగా కనపడతారని ఇంకా అమ్ముతున్నవాళ్లున్నారు. 2023 ఆగస్టులోనే ఆ సౌకర్యాన్ని గూగుల్ పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది.

ఏఐ జవాబులు వచ్చాక

సెర్చ్ ఫలితాల పైన ఏఐ రాసిన సారాంశం చూపించడం భారత్‌లో 2024 ఆగస్టులో మొదలైంది. 'ఏసీ చల్లగా రాకపోవడానికి కారణాలు' లాంటి ప్రశ్నలకు జవాబు అక్కడే దొరికితే సైట్ దాకా వచ్చేవాళ్లు తగ్గడం సహజం. మెకానిక్ కావాల్సినవాళ్లు మాత్రం ఎవరికో ఒకరికి ఫోన్ చేయాల్సిందే కాబట్టి సేవల వ్యాపారాలకు దెబ్బ తక్కువ, సమాచారం మీదే బతికే సైట్లకు ఎక్కువ. ఏఐ ఫలితాల్లోకి రావడానికి ప్రత్యేక ట్యాగులేవీ అక్కర్లేదని, పేజీ ఇండెక్స్‌లో ఉండి, మామూలు సెర్చ్‌లో చూపించదగ్గదై ఉంటే చాలని గూగుల్ చెబుతోంది. కొత్త పేరుతో వస్తున్న ప్యాకేజీలు కొనే ముందు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

ఎంత కాలం, ఏ లెక్క చూడాలి?

చేసిన మార్పుల్లో కొన్నింటి ఫలితం రోజుల్లో, ఎక్కువవాటిది నెలల్లో తెలుస్తుంది. కాబట్టి సీజన్‌కి ముందే పని మొదలవ్వాలి. మార్చి ఎండలకు ఏసీ కాల్స్ కావాలంటే పేజీలు డిసెంబరు, జనవరికల్లా సిద్ధంగా ఉండాలి. కార్తీక మాసం అరకు ట్రిప్పుల కోసమైతే ఆగస్టు దాటకూడదు.

ర్యాంకు నంబరు కన్నా నమ్మదగ్గవి రెండు లెక్కలు. సెర్చ్ కన్సోల్ ఏ మాటలకు ఎన్నిసార్లు కనపడ్డారో, ఎందరు నొక్కారో 16 నెలల డేటా చూపిస్తుంది. చాలాసార్లు కనపడుతున్నా ఎవరూ నొక్కడం లేదంటే టైటిల్ మార్చి చూడాలి, అసలు కనపడటమే లేదంటే ఆ విషయం మీద సరైన పేజీ లేదని. బిజినెస్ ప్రొఫైల్‌లో కాల్స్, దారి అడిగినవాళ్ల సంఖ్య నెలవారీగా ఉంటుంది. వీటిని నిరుడు అదే నెలతో పోల్చాలి. ఏప్రిల్‌ని డిసెంబరుతో పోల్చి వృద్ధి చూపించే నివేదికలో వృద్ధి ఎండది, ఏజెన్సీది కాదు.

సైట్‌ని కొత్తగా మళ్లీ కట్టించేటప్పుడు పాత పేజీల అడ్రస్‌లు మారితే, ఒక్కోదాన్నీ సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్‌తో, అంటే అడ్రస్ శాశ్వతంగా మారిందని చెప్పే ఆదేశంతో, మళ్లించాలి. అది చేయకపోతే పాత పేజీలు సంపాదించుకున్నదంతా 'పేజీ దొరకలేదు' అని చెప్పే 404 పేజీతో పోతుంది. డెవలపర్‌ని మార్చే ముందే అన్ని ఖాతాలు ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో చూసుకోవాలి. బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్‌గా యజమాని ఉండి, ఏజెన్సీకి మేనేజర్ హోదా ఇస్తే సరిపోతుంది. ప్రొఫైల్ ఎవరి చేతుల్లోనో చిక్కుకుంటే గూగుల్‌కి యాక్సెస్ అభ్యర్థన పెట్టుకునే దారైనా ఉంది. డొమైన్‌కి అంత తేలిక దారి లేదు: రిజిస్ట్రేషన్ డెవలపర్ పేరు మీద ఉంటే, కాగితాల ప్రకారం ఆ అడ్రస్ ఆయనదే, రెన్యువల్ నోటీసు వెళ్లేదీ ఆయన ఇన్‌బాక్స్‌కే.